పసివారికి మద్యము: ఇచ్చినవారిదే నేరము

ఊరిలో పదునాలుగేండ్ల పిల్లవాడు త్రాగి రచ్చబండకడ పడిపోయినాడని తెలిసినపుడు జనులు మొదట అడుగు ప్రశ్న "ఎవరి కొడుకు?" అని. ఆ వెంటనే వినవచ్చు మాట "వీడు చెడిపోయినాడు" అని. తండ్రి సిగ్గుపడును, తల్లి కన్నీరు పెట్టును, పిల్లవాడు దెబ్బలు తినును. అంతటితో ఆ విషయము ముగిసినదని అందరును తలంతురు. కాని చట్టము అడుగు ప్రశ్న వేరు. ఆ పిల్లవాని చేతికి మద్యము ఎవరు ఇచ్చినారు? ఎవరు ఇప్పించినారు? చట్టము వెదకునది ఆ చేతిని.

ఈ సంగతి గ్రామములలో చాలమందికి తెలియదు. కొంత తెలిసినవారు కూడ ఇది మద్యపు దుకాణదారులకు మాత్రమే సంబంధించిన నియమమని భావించుచున్నారు. కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామములందు నలుగురికి విడమరచి చెప్పుటకు వీలుగా, ఈ విషయమున అమలులోనున్న చట్టములను, వాని ఉద్దేశమును, పంచాయతీలు చేయదగిన పనులను ఈ పాఠమున క్రమముగా వివరించుచున్నాము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

బాలల రక్షణకై పార్లమెంటు 2015వ సంవత్సరమున బాలల న్యాయ చట్టమును క్రొత్తగా రూపొందించినది. ఇది 2016 జనవరి 15వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 18 ఏండ్లు నిండని ప్రతివారును ఈ చట్టము దృష్టిలో బాలలే. మీసములు వచ్చినను, కూలిపనికి పోవుచున్నను, పెండ్లి యైనను వయస్సు 18 నిండనంతవరకు ఈ రక్షణ వారికి కలదు.

ఈ చట్టమునందలి 77వ సెక్షనును పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. అర్హతగల వైద్యుని ఆదేశముపై తప్ప, బాలలకు మత్తు పానీయమునుగాని, మాదకద్రవ్యమునుగాని, పొగాకు ఉత్పత్తినిగాని ఇచ్చినవారికిని, ఇప్పించినవారికిని 7 సంవత్సరములవరకు కఠిన కారాగారశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. ఇందులో "అమ్మినవారు" అను మాటకు బదులు "ఇచ్చినవారు, ఇప్పించినవారు" అను మాటలు ఉన్నవి. డబ్బు తీసికొనకుండ ఉచితముగా పోసినను నేరమే. తాను స్వయముగా పోయక మరియొకరిచేత పోయించినను నేరమే. ఇచ్చినవాడు తండ్రియైనను, మేనమామయైనను, స్నేహితుడైనను ఆ సెక్షనులో మినహాయింపు లేదు.

దీనికి ముందు 2000వ సంవత్సరపు చట్టము ఉండెడిది. అందులో మద్యము విషయమున శిక్ష 3 సంవత్సరములవరకే. అదియును బహిరంగ ప్రదేశమున ఇచ్చినపుడే వర్తించెడిది. 2015 చట్టమున "బహిరంగ ప్రదేశము" అను మాట లేదు. కాబట్టి ఇంటి పెరటిలో ఇచ్చినను, పొలముగట్టుపై ఇచ్చినను, పెండ్లిపందిరి వెనుక ఇచ్చినను ఒక్కటే.

78వ సెక్షను మరియొక సంగతి చెప్పుచున్నది. మద్యమును అమ్ముటకుగాని, మోయుటకుగాని, అందించుటకుగాని, దొంగచాటుగా చేరవేయుటకుగాని బాలలను వినియోగించుట నేరము. దీనికిని శిక్ష 7 సంవత్సరములవరకు కఠిన కారాగారవాసము, లక్ష రూపాయలవరకు జరిమానా. పిల్లవాడు చుక్కయైనను త్రాగియుండకపోవచ్చును. వానిచేత సీసా మోయించుటయే ఇక్కడ నేరము.

77వ సెక్షను త్రాగిన బాలునికి శిక్ష విధించుట లేదు. మత్తుపదార్థముల పాలగు ప్రమాదమున్న పిల్లలను ఈ చట్టము సంరక్షణయు రక్షణయు అవసరమైన బాలలుగా ఎంచుచున్నది. అట్టివారి విషయము చూచుటకు ప్రతి జిల్లాలోను బాలల సంక్షేమ సమితి ఏర్పడవలెనని నిర్దేశించినది.

18 ఏండ్లు, 21 ఏండ్లు: రెండు హద్దులు

మద్యము రాష్ట్రముల అధికారపరిధిలోని విషయము. అందువలన మద్యము కొనుటకు కనీస వయస్సును ఆయా రాష్ట్రములే నిర్ణయించుకొనుచున్నవి. కేరళలో ఇది 23 ఏండ్లు, ఢిల్లీలో 25 ఏండ్లు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 21 ఏండ్లు. ఉమ్మడి రాష్ట్రమున 1968లో చేసిన ఎక్సైజు చట్టమే విభజన తరువాత ఉభయ రాష్ట్రములలోను ఆయా పేర్లతో కొనసాగుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి 2024 వరకు దుకాణములను ప్రభుత్వమే నడిపినది. 2024 అక్టోబరునుండి మరల ప్రైవేటు లైసెన్సులు వచ్చినవి. దుకాణము ఎవరిదైనను వయస్సు నియమము మారదు.

కొందరు సభ్యులు 18 ఏండ్ల హద్దును, 21 ఏండ్ల హద్దును కలిపి తికమక పడుచున్నారు. దీనిని ఇట్లు గుర్తుంచుకొనవచ్చును. 21 ఏండ్లు నిండనివారికి దుకాణదారుడు మద్యము అమ్మరాదు. 18 ఏండ్లు నిండనివారికి ఎవ్వరును ఇవ్వరాదు. మొదటిది లైసెన్సుదారుని కట్టడి చేయు నియమము. రెండవది ఊరందరిని కట్టడి చేయు నియమము.

వయస్సుపై తగవు వచ్చినపుడు ఏ కాగితమును చూడవలెనో బాలల న్యాయ చట్టమే తెలిపినది. మొదట పాఠశాల ఇచ్చిన జన్మతేదీ ధ్రువపత్రము లేక పదవ తరగతి ధ్రువపత్రము. అది లేనిచో పురపాలక సంఘముగాని పంచాయతీగాని ఇచ్చిన జన్మ ధ్రువపత్రము. ఆ రెండును లేనపుడే వైద్యపరీక్ష. పంచాయతీ కార్యాలయములోని జనన రిజిస్టరును సక్రమముగా వ్రాసియుంచుట ఎంత ముఖ్యమో దీనినిబట్టి తెలియుచున్నది. ఒక్క పంక్తి వ్రాయక విడిచినచో, పదునైదేండ్ల తరువాత ఒక బాలుడు తనకు చట్టమిచ్చు రక్షణను నిరూపించుకొనుటకు ఆస్పత్రుల చుట్టును తిరుగవలసివచ్చును.

"ఇచ్చుట" యనగా ఏమి?

గ్రామజీవనములో నిత్యము జరుగు నాలుగు సందర్భములను చూతము.

ఒకడు పనినుండి వచ్చి అరుగుమీద కూర్చుండి, పన్నెండేండ్ల కొడుకు చేతిలో నోటు పెట్టి, "పోయి క్వార్టరు తేరా" అనును. కొడుకు పోయి సీసా తెచ్చును. ఇది మన ఊళ్లలో ఎవ్వరికిని తప్పుగా తోచదు. కాని తండ్రి బాలునిచేత మద్యము మోయించుచున్నాడు. ఆ సీసాను బాలుని చేతికి అందించిన వ్యాపారియు ప్రశ్నకు లోనగును. లైసెన్సు దుకాణమునుండి సీసాలు తెచ్చి, కిరాణా కొట్టులోనో ఇంటిలోనో చాటుగా అమ్ము చోటును మనవారు బెల్టు షాపు అందురు. అచ్చట లైసెన్సే లేదు గనుక వయస్సు అడుగువారును లేరు. పెక్కుచోట్ల యజమాని బయటికి పోయినపుడు అతని పిల్లలే సీసా తీసి ఇచ్చుచుందురు. అదియును 78వ సెక్షను క్రిందికే వచ్చును.

రెండవది పెండ్లి లేక జాతర. బావ వరుసవారు వేడుకకై పిల్లవాని కూల్‌డ్రింకులో బ్రాందీ కలిపి త్రాగించి, వాడు తూలుచుండగా నవ్వుకొందురు. పరిహాసమునకు చేసితిమన్నంతమాత్రమున నేరము నేరము కాకపోదు.

మూడవది పని. లారీలకు బస్తాలు ఎత్తు ముఠాలోనో, కోతపనిలోనో పెద్దలతోపాటు పదునారేండ్ల పిల్లలుందురు. సాయంకాలము మేస్త్రీ అందరికిని సీసాలు పంచుచు ఆ పిల్లలకును ఒకటి ఇచ్చును. కూలిలో భాగముగా ఇచ్చినను, సంతోషముకొరకు ఇచ్చినను ఇచ్చినవాడు ఇచ్చినవాడే.

నాలుగవది స్నేహము. వినాయక నిమజ్జనమునాడు వీధి కుర్రవాండ్రు చందా వేసికొందురు. వారిలో 21 ఏండ్లు నిండినవాడు దుకాణమునకు పోయి కొనితెచ్చును. పదునేడేండ్ల తమ్ముళ్లు కూడ త్రాగుదురు. ఈ సందర్భమున కొనితెచ్చి పంచిన ఆ యువకుడే నేరస్థుడగును. అతనికి నేరము చేయుచున్నానను ఊహయే ఉండదు. ఉద్యోగమునకో, పాస్‌పోర్టుకో దరఖాస్తు పెట్టుకొనవలసిన వయస్సున ఇట్టి కేసు మీద పడినచో బ్రదుకు తలక్రిందులగును. కాబట్టి ఈ చట్టమును ముందుగా వినవలసినవారు 18 నుండి 25 ఏండ్లలోపు యువకులని మా అభిప్రాయము.

పసి శరీరమునకు కలుగు హాని

చట్టము ఇంత కఠినముగా ఉండుటకు కారణము శరీరధర్మములోనే కలదు. మన దేశమున తయారగు విస్కీ, బ్రాందీ మొదలగువానిలో సాధారణముగా నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉండును. 30 మిల్లీలీటర్ల బ్రాందీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉండునన్నమాట. దీనిని 60 కిలోల బరువున్న పురుషుడు త్రాగినచో 100 మిల్లీలీటర్ల రక్తమున సుమారు 25 మిల్లీగ్రాముల ఆల్కహాలు చేరునని లెక్క. అదే మోతాదును 30 కిలోల బరువున్న పదియేండ్ల పిల్లవాడు త్రాగినచో ఆ లెక్క 50 దాటును. మోటారు వాహనముల చట్టము పెద్దలకు విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. పెద్దవానికి ఒక్క గుక్క యని తోచునది పిల్లవానిని ఆ హద్దు దాటించుచున్నది.

పిల్లలలో మరియొక ప్రమాదము కలదు. దేహమునకు కావలసిన చక్కెరను తయారుచేసి రక్తములోనికి పంపు పని కాలేయముది. ఆల్కహాలు ఆ పనికి అడ్డుతగులును. పిల్లల కాలేయములో చక్కెర నిలువలు తక్కువ. ఆకటితోనున్న పిల్లవాడు త్రాగినచో రక్తములోని చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చును, ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. "మత్తులో పడుకొన్నాడు, తెల్లవారునప్పటికి లేచును" అని వదలివేయుట అందుచేతనే ప్రమాదకరము. అట్టి పిల్లవానిని ఒకప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. బలవంతముగా వాంతి చేయించరాదు. స్పృహలేనివాని నోట మజ్జిగగాని నిమ్మరసముగాని పోయరాదు. వెంటనే 108 అంబులెన్సును పిలువవలెను.

ఇక దీర్ఘకాలిక నష్టము. మనిషి మెదడు ఇరువదియైదేండ్ల ప్రాయము వరకును ఎదుగుచునే యుండును. ముందువెనుకలు ఆలోచించుటకును, తొందరపాటును అణచుకొనుటకును తోడ్పడు భాగము చివరగా పక్వమగును. ఆ యెదుగుదల నడుమ మద్యము ప్రవేశించినచో జ్ఞాపకశక్తికిని, చదువునకును దెబ్బ తగులును. చిన్ననాడే మొదలుపెట్టినవారు పెద్దయైన తరువాత మద్యమునకు బానిసలగు అవకాశము ఎక్కువయని వైద్యశాస్త్రపు పరిశోధనలు పదేపదే తెలిపినవి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపిన సర్వే 2019లో వెలువడినది. 10 నుండి 17 ఏండ్లలోపు వారిలో నూటికి 1.3 మంది మద్యము వాడుచున్నారని అందు తేలినది. శాతము చిన్నదిగా కనిపించినను దేశమంతటి పిల్లల సంఖ్యపై లెక్కించినచో అది లక్షలమందియగును.

కల్లు సంగతి

"కల్లు మద్యము కాదు, చలువ చేయును" అని పలుచోట్ల పిల్లలకు ముంతెడు పోయుచుందురు. చెట్టునుండి దిగిన నీరా తియ్యగా ఉండును. కాని అది దిగిన క్షణమునుండియే పులియనారంభించును. కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్లవరకు ఆల్కహాలు చేరును. కల్లు ఎక్సైజు చట్టము పరిధిలోనిదే. మత్తు కలిగించు పానీయమగుటచేత బాలలకు ఇచ్చుట నిషిద్ధమే.

గీతపనివారి వృత్తి న్యాయమైన వృత్తి. లైసెన్సు పొంది చెట్లెక్కి ప్రాణములకు తెగించి బ్రదుకు కుటుంబములను ఈ పాఠము తప్పుపట్టుట లేదు. కల్లు మండువకు పిల్లలను రానీయకుండుట ఆ వృత్తి గౌరవమును కాపాడుటయే. తెలంగాణలో కొన్ని ప్రాంతముల "మందు కల్లు" సంగతి వేరు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులు కలిపిన ఆ ద్రవము కల్లే కాదు. పెద్దలకే అది విషము. దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు వచ్చుట, పిచ్చిచూపులు చూచుట కలదు. దానిని పిల్లలకు పోసినవారు మత్తు పానీయముతోపాటు మందును కూడ పోసినవారగుచున్నారు.

బండి యెక్కిన పిల్లవాడు

జాతరలనుండి, పెండ్లిండ్లనుండి రాత్రివేళ తిరిగివచ్చునపుడు మోటారుసైకిలును, ఒక్కొక్కచోట ట్రాక్టరును పిల్లలు నడుపుట మనకు క్రొత్త కాదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడుగాని బండి యజమానిగాని దోషి యగును. 3 సంవత్సరములవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా కలవు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండ జరిగినదనిగాని, తాను తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిననిగాని నిరూపించుకొనవలసిన భారము పెద్దలదే. మద్యము విషయములోవలెనే ఇచ్చటను చట్టము పెద్దల చేతినే చూచుచున్నది. సీసాను ఇచ్చిన చేయి ఒకటి, తాళపుచెవిని ఇచ్చిన చేయి మరియొకటి.

తరచుగా వినవచ్చు సమాధానములు

గ్రామసభలలో ఈ విషయము వచ్చినపుడు కొన్ని సమాధానములు తప్పక వినవచ్చును. సభ్యులు వానికి సిద్ధముగా ఉండవలెను.

"మా యెదుట ఇంటిలో త్రాగినచో బయట చెడిపోడు కదా?" అని కొందరందురు. ఇంటిలో అలవాటైనవాడు బయట మానునను హామీ ఏదియు లేదు. తల్లిదండ్రులే పోసినపుడు ఇది తప్పు కాదని పిల్లవాడు నేర్చుకొనును. మొక్కగా ఉన్నపుడు వంగనిది మానైన తరువాత వంగునా?

"జలుబు చేసినపుడు చెంచాడు బ్రాందీ మా అమ్మమ్మ కాలమునుండి ఉన్నదే" అని మరికొందరందురు. చట్టము వైద్యుని ఆదేశమును మాత్రమే అంగీకరించుచున్నది. జలుబునకు బ్రాందీ మందు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మందు దొరకును.

"వాడే డబ్బు తెచ్చి అడిగినాడు, నేనేమి చేయుదును?" అని అమ్మినవాడనును. బాలుడు అడిగినాడనుటగాని, డబ్బు చెల్లించినాడనుటగాని చట్టమున మినహాయింపు కాదు. కాదనలేని వయస్సు వానిది. కాదనవలసిన వయస్సు ఇతనిది.

"మా దేవతకు సాక పోసి అందరమును పుచ్చుకొందుము, ఇది ఆచారము" అని చెప్పువారును ఉందురు. దేవతకు అర్పించుట వేరు, పసివాని నోట పోయుట వేరు. ఇప్పసారా కాచు గిరిజన గ్రామములలో పెద్దల ఆచారమును నిందింపక, పిల్లలను దానినుండి తప్పించుమని పెద్దమనుషులచేతనే చెప్పించుట మంచిది.

పంచాయతీ ఏమి చేయగలదు?

స్త్రీ శిశు అభివృద్ధి రాజ్యాంగముయొక్క 11వ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశించిన 29 విషయములలో ఒకటి. షెడ్యూలు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము మరియొక మెట్టు పైకి పోయినది. మత్తు పదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకు, క్రమపరచుటకు, పరిమితము చేయుటకు గ్రామసభలకును పంచాయతీలకును అధికారము ఉండవలెనని అది చెప్పుచున్నది. మన్యములోని సభ్యులు దీనిని మరువరాదు.

గ్రామమునుండి పుట్టిన పని ఎంత దూరము పోగలదో మన చరిత్రయే చెప్పుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారాకు ఎదురుతిరిగినారు. 1992లో ఆ ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును 1997లో సడలించినారు. ప్రభుత్వ విధానములు ఇట్లు మారుచుండును. బాలలకు ఇవ్వరాదను నియమము మాత్రము కాలక్రమమున మరింత గట్టిపడినదే గాని సడలలేదు.

ఇక ఆచరణ. సంఘటన జరిగినపుడు మొదటి పని పిల్లవాని ప్రాణమును, ఆరోగ్యమును చూచుట. రెండవ పని విషయమును కాగితముపై పెట్టుట. ఏ తేదీన, ఏ వేళ, ఎచ్చట, ఎవరు ఇచ్చినారు, చూచినవారెవరు అను వివరములు వ్రాసి, సీసా దొరికినచో భద్రపరుపవలెను. మూడవ పని 1098 బాలల సహాయ నంబరుకుగాని, 112కుగాని తెలుపుట. అవసరమైనచో జిల్లా బాలల సంక్షేమ సమితికి వ్రాయుట. బెల్టు షాపు విషయమైనచో ఎక్సైజు అధికారులకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. సోదా చేయుటకును, పట్టుకొనుటకును వారికి ఆ శాఖ చట్టమే అధికారమిచ్చినది.

ఇచ్చట ఒక చిక్కును సభ్యులు తెలిసికొనవలెను. 2021లో చేసిన సవరణ బాలల న్యాయ చట్టమున 3 నుండి 7 సంవత్సరములవరకు శిక్షపడు నేరములను, మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాని నేరములుగా మార్చినది. కాబట్టి "స్టేషనుకు పోతిమి, కేసు కట్టలేదు" అని నిరాశపడి ఇంటికి మరలరాదు. ఫిర్యాదు నమోదైనట్లు కాగితము తీసికొని, జిల్లా న్యాయసేవాధికార సంస్థవారి ఉచిత సలహాతో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. వ్రాతలో ఉన్న వివరములు ఎంత స్పష్టముగా ఉన్నచో ఆ పని అంత సులువగును.

చేయరాని పనులు కూడ కలవు. పిల్లవానిని కట్టివేసి కొట్టరాదు. నలుగురిలో నిలబెట్టి అవమానింపరాదు. వాని పేరునుగాని, ఫోటోనుగాని, తూలుచున్న దృశ్యమునుగాని వాట్సాప్‌లో పంపరాదు. చట్టపు వ్యవహారములో చిక్కిన బాలల గుర్తింపును పత్రికలలోగాని ఇతర ప్రసారసాధనములలోగాని బయటపెట్టినవారికి 74వ సెక్షను క్రింద 6 నెలలవరకు జైలు లేక 2 లక్షలవరకు జరిమానా లేక రెండును కలవు. ఇక, ఇచ్చినవానిచేత పెద్దమనుషుల సమక్షమున దండుగ కట్టించి రాజీ చేయుట మన ఊళ్ల అలవాటు. ఈ నేరమునకు శిక్ష విధించు అధికారము పంచాయతీకి లేదు. ఆ దండుగ పైకముతో మరల విందు చేసికొన్న ఊళ్లు లేకపోలేదు!

నివారణయే అన్నిటికంటె మేలు. గ్రామస్థాయి బాలల సంరక్షణ సమితికి అధ్యక్షుడు సర్పంచే. ప్రధానోపాధ్యాయుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, స్వయంసహాయక సంఘముల స్త్రీలు కలిసి కూర్చున్నచో ఏ యింటిలో ఏ పిల్లవాడు బడి మానుచున్నాడో, ఏ కొట్టునుండి సీసా వచ్చుచున్నదో తెలియకుండ ఉండదు. జాతరకు వారము ముందే కల్లు దుకాణదారులను, ఉత్సవ సంఘపు యువకులను పిలిచి ఈ నియమములను చదివి వినిపింపవలెను. ఇంతకుముందే అలవాటుపడిన పిల్లల కుటుంబములకు, పెద్దలకు కూడ 14446 నంబరు ద్వారా వ్యసన విముక్తికి ఉచిత సలహా లభించును.

మన చేయి

చివరగా ఒక మాట. పంచాయతీ ఎన్నికల దినములలో గోడలకు కాగితములు అంటించువారు, జెండాలు పట్టి మోటారుసైకిళ్లపై తిరుగువారు, కరపత్రములు పంచువారు ఎవరు? చాలవరకు పదునైదు, పదునారేండ్ల పిల్లలే. రాత్రియైన తరువాత వారికి భోజనముతోపాటు ఏమి అందుచున్నదో సభ్యులకు తెలియనిది కాదు. ఓటరుకు మద్యము పంచుట ఎన్నికల నేరము. ఓటు హక్కే లేని పిల్లవానికి పంచుట 77వ సెక్షను క్రింద వేరొక నేరము. సీసాను తన చేతితో ఇయ్యక అనుచరునిచేత ఇప్పించినను అభ్యర్థి బాధ్యత తొలగదు. చట్టములోని "ఇప్పించినవారు" అను మాట సరిగా అట్టివారిని గూర్చినదే. ఆ రాత్రి ఆ పిల్లవానికి మొదటి సీసా ఇచ్చి గెలిచినవాడు, మరునాడు గ్రామసభలో మద్యమునుగూర్చి ఏ నోటితో మాట్లాడగలడు?

కాబట్టి ఈ పని మననుండియే మొదలు కావలెను. రాబోవు గ్రామసభలో ఆమోదించుటకు తగిన తీర్మానపు నమూనా నొకటి దిగువ నిచ్చుచున్నాము. సభ్యులు తమ గ్రామ పరిస్థితినిబట్టి మార్చుకొనవచ్చును.

"ఈ గ్రామమున 18 ఏండ్లు నిండని ఏ బాలునికిగాని బాలికకుగాని మద్యమును, కల్లును, పొగాకును ఎవ్వరును ఇయ్యరాదనియు, వారిచేత తెప్పించరాదనియు, అమ్మించరాదనియు ఈ గ్రామసభ తీర్మానించుచున్నది. పెండ్లిండ్లలోను, జాతరలలోను, పనిస్థలములలోను, ఎన్నికలలోను ఈ తీర్మానమును పాటించు బాధ్యత ఆయా సందర్భముల పెద్దలది. ఉల్లంఘన జరిగినచో రాజీ చేయక అధికారులకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. పిల్లవాని పేరు బయటపెట్టరాదు. పంచాయతీ సభ్యులు ఈ నియమమునకు మొదట కట్టుబడి ఉందురు."

ఈ తీర్మానమును పాఠశాల గోడపైనను, పంచాయతీ కార్యాలయపు గోడపైనను, కల్లు దుకాణము ముందరను పెద్ద అక్షరములతో వ్రాయించి, క్రింద సభ్యులందరును సంతకములు చేసినచో మేలు. పేర్లు గోడపై ఉన్నవారి చేతులు సీసా అందించుటకు జంకును.